కట్టిన నీరు, పెరిగిన నాచు

వశిష్ఠ గోదావరి అంతర్వేది దెసకు సాగిపోవుచు తననుండి వైనతేయమను పాయను వేరుచేసి పంపిన చోటికి చేరువనే, పి.గన్నవరమునొద్ద, ఒక కాలువ తన నీటిని నదిలో కలియనీయక నదిమీదుగానే నడచి ఆవలి లంకను చేరుచున్నది. తరతరములుగా చూచుచున్న కన్నులకు ఇది వింతగా తోపకపోవుట సహజము. కాని క్రింద పారు నీటికిని పైన పారు నీటికిని గల స్వభావభేదమును కొంచెము విచారించువానికి, కోనసీమయొక్క గడచిన నూటడెబ్బది యేండ్ల చరిత్ర చాలవరకు ఈ భేదమునందే ఇమిడియున్నట్లు కానవచ్చును. క్రింది నీరు తన ఇచ్చవచ్చినట్లు వరదగా పొంగి, వేసవిలో చిక్కి, సముద్రపు పోటునకు వెనుకకు జరిగి, పాటునకు ముందునకు సాగు నీరు. పై నీరు లాకులకును తూములకును లోబడి, అడుగులలోను అంగుళములలోను కొలువబడి, ఏ పొలమునకు ఎప్పుడు పోవలయునో ముందే నిర్ణయింపబడిన నీరు. ఈ రెండవ తెగ నీటిని మనుష్యుడు ఎక్కడ కట్టి నిలిపినను, అది ఏబది మైళ్ల కాలువ యైనను, ఎకరము రొయ్యల చెరువైనను, ముంగిటి గదిలోని మూడడుగుల గాజుతొట్టె యైనను, పిలువకయే వచ్చి కాపురముండు జీవజాతి యొకటి కలదు. జనులు దానిని నాచని, పాచియని, గడ్డియని తోచినట్లు పిలుచుచున్నారు. నీటిని కట్టు విద్యకు పేరు ప్రతిష్ఠలు వచ్చినవి. ఈ జీవజాతిని గుర్తించి అదుపునందుంచు విద్యకు రాలేదు. ఆ రెండవదాని కథయే ఇచ్చట ప్రస్తుతము.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములను కలుపుచు గోదావరికి అడ్డముగా ఆనకట్ట నిర్మింపవలెనని ఆంగ్లేయ ఇంజనీరగు కాటను పూనుకొని 1847లో పని ఆరంభించి 1852 నాటికి దానిని ముగించెను. ఆనకట్ట యెంతటిదైనను, వశిష్ఠకును వైనతేయమునకును నడుమ చిక్కుకొని నలువైపుల నీరుండియు సేద్యపు నీటికి మొగమువాచిన నగరమను లంకకు దానివలన సొంతముగా కలుగు లాభము లేదు. మధ్య డెల్టా కాలువను వైనతేయము దాటించినగాని ఆ లంక పండదు. ఈ కార్యము మదరాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు హెయిగ్ అను యువకుని పాలబడెను. ఒక్కొక్కటి నలుబది అడుగుల వెడల్పుగల 49 కమానులమీద నిలిచిన ఆ వారధిని 1851–52 సంవత్సరములలో ఆతడు కట్టి ముగించెను. వరదలను, తుపానులను ఓర్చి నిలిచిన ఆ కట్టడము ప్రక్కనే 2000 సంవత్సరమున క్రొత్త వారధి వెలసినది. దానికి లంకల గన్నవరమున ఆకొన్న వారికెల్ల అన్నము పెట్టి కీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పరదేశపు ఇంజనీరు తెచ్చిన నీటికిని ఆ నీట పండిన అన్నమును పంచిన ఇల్లాలికిని ఒకేచోట ఇట్లు చుట్టరికము కుదురుట సముచితముగానే యున్నది.

ఇంతటి పని ఇక్కడ జరుగుచున్న ఆ రెండు మూడేండ్లలోనే లండను నగరమున వేరొక నీటిని కట్టు ప్రయత్నము, కొలతకు మిక్కిలి చిన్నది, జరుగుచుండెను. రాబర్టు వారింగ్టనను రసాయనశాస్త్రజ్ఞుడు 1849–50లో ఒక గాజుపాత్రయందు రెండు బంగారు చేపలను, వల్లిస్నేరియా అను నీటిమొక్కను ఉంచి, నీరు మార్చకయే చేపలు బ్రదుకునా యని పరిశీలించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చినది, చేపలు బ్రదికినవి; కాని కొలదికాలమునకే మొక్కయొక్క ముదురాకులు కుళ్లి పాత్రనంతయు జిగురుపాచి క్రమ్మెను. అప్పుడాతడు నీటినత్తలను తెచ్చి అందు విడువగా అవి ఆ పాచిని మేసి పాత్రను శుభ్రపరచినవి. చేప, మొక్క, నత్త యను మువ్వురు ఒకరి మిగులును మరియొకరు అనుభవించుచు నీటిని చెడనీయకుందురను సిద్ధాంతము ఇట్లు వెలువడెను. వల్లిస్నేరియా మన కాలువలలోను రిబ్బనువంటి పొడవాటి ఆకులతో నీటి వాలున ఊగుచు పెరుగునదే. అదే మొక్క అచ్చట గాజుపాత్రలో ప్రాణదాతయై మన్నన పొందగా, ఇచ్చట కాలువ పారుదలకు అడ్డమై కొడవలిపాలగుట, నాచును గూర్చి మనమిచ్చు తీర్పులన్నియు దాని గుణమునుబట్టి గాక స్థానమునుబట్టియు పరిమాణమునుబట్టియు ఇచ్చునవేయని చెప్పకయే చెప్పుచున్నది.

ఉప్పునీటి తొట్టె కథ ఇంతకంటెను కొంచెము ముందుగనే మొదలైనది. అన్నా థిన్నె అను ఆంగ్లవనిత 1846లో సముద్రతీరమునుండి కొన్ని పగడపు జీవులను లండనునకు కొనివచ్చి, నీరు చెడకుండుటకై ఆ నీటిని పాత్రనుండి పాత్రకు గాలిలో వంపించుచు వచ్చెను. ఆ శ్రమయంతయు ఆమె యింటి పరిచారికదియని చెప్పుదురు. మరుసటి యేడు సముద్రపు నాచును కూడ అందు చేర్చిన పిమ్మట పరిచారికకు కొంత విశ్రాంతి చిక్కియుండును. వారింగ్టనును, ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడును 1852 ప్రాంతమున సముద్రజలముతో ప్రయోగములు చేసిరి. గోధుమ, ఎరుపు వర్ణముల నాచులకంటె ఆకుపచ్చ నాచులే, ముఖ్యముగా ఉల్వా అను పలుచని ఆకు నాచు, తొట్టెలో చక్కగా బ్రదుకునని వారింగ్టను తేల్చెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు జలచరశాల వెలసినది. 1854లో గాస్ రచించిన అక్వేరియమను గ్రంథము వెలువడిన పిమ్మట ఇంగ్లండునందు గొప్పయిండ్ల ముందరి గదులన్నియు ఉప్పునీటి తొట్టెలతో నిండిపోయెనట. పదేండ్లు గడవకమునుపే ఆ ఉబలాటము చల్లారెను. నీటిని తెచ్చుట తేలికయనియు, దానిని నిలుపుకొనుట కష్టమనియు గ్రహించుటకు వారికి ఆ పదేండ్లు చాలినవి. కోనసీమవారికి ఆ జ్ఞానము కొంత ఆలస్యముగాను, మిక్కిలి విస్తారముగాను లభించినది.

కాలువలు త్రవ్విన తొలినాళ్లలో వాటియందు పడవలు నడచుచుండుటయు, పంటకాలము ముగియగానే వేసవిలో కాలువలను కట్టివేసి మట్టిపూడికను గడ్డిని తీయించుటయు ఆచారమై, నాచు తన హద్దు మీరుటకు అవకాశము తక్కువగా నుండెను. అంతేకాక గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు మాసములలో నీటిలోని ఒండ్రు సూర్యరశ్మిని అడుగునకు పోనీయదు గనుక మునిగి పెరుగు మొక్కలు అప్పుడు తలయెత్తలేవు. నీరు తేటబడి, దాళ్వా పైరునకు సన్నగా పారు పుష్య మాఘములలోనే అవి విజృంభించును. ఈ సంగతి ఏ గ్రంథమునందును చదువుకొనని లాకు లస్కరునకు కూడ తెలియును. కర్రగెడతో నాచును లాగి గట్టుమీద పడవేయు పని ఎప్పుడు మొదలిడవలెనో ఆతడు పంచాంగము చూడక నీటి రంగు చూచియే నిర్ణయించును.

ఈ మునిగి పెరుగు జాతులలో రెండు వస్తువులను జనులు ఒకటిగా భావించుచుందురు. ఒకటి హైడ్రిల్లా, ఇది పూలు పూయు నిజమైన మొక్క, వేళ్లతో బురదను పట్టుకొని, చిన్న చిన్న ఆకులను కణుపుకణుపున చుట్టుగా తొడిగికొనియుండును. రెండవది కారా; చూపునకు ఇదియు కణుపులతో, కణుపునకు చుట్టు కొమ్మలతో, అచ్చముగా మొక్కవలెనే యుండును గాని వేరు లేదు, పూవు లేదు, నారలేదు; ఇది కేవలము పెద్ద ఆకారము ధరించిన శైవలము. ఒక కణుపునకును మరియొక కణుపునకును నడుమనుండు కాడ అంగుళములు పొడవైనను ఏకకణమే. ఆ కణములోపల జీవద్రవము గిరగిర తిరుగుచుండుటను ఇటలీ దేశస్థుడు కోర్టి 1774లోనే సూక్ష్మదర్శినిలో చూచి ప్రకటించెను. చేతబట్టిన యెడల ఈ రెండింటి భేదము బాలునకైనను తెలియును: హైడ్రిల్లా మెత్తగా జారును, కారా ఒంటినిండ సున్నము పట్టుటచే గరగరలాడుచు విరుగును, వెల్లుల్లిని పోలిన దుర్గంధము వీచును. మన దేశమున ఈ కారా వంశమును గూర్చి భారత వ్యవసాయ పరిశోధన మండలి 1962లో ప్రత్యేక గ్రంథమునే ప్రచురించినది. ఇంత భేదము తెలిసికొనుటవలన ప్రయోజనమేమని అడుగువారుందురు. కాలువను ఎండగట్టినప్పుడు రెండును పైకి చచ్చినట్లే కనబడును. కాని హైడ్రిల్లా బురదలోపల చిన్న దుంపలను దాచిపెట్టుకొనును, కారా గట్టి పెంకుగల బీజములను మట్టిలో విడిచిపోవును. మరల నీరు వదలగనే మొదటిది దుంపనుండియు రెండవది బీజమునుండియు లేచును. గడ్డిచేప, అనగా 1959లో మన దేశమునకు తెచ్చిన గ్రాస్ కార్పు, హైడ్రిల్లాను ఆబగా మేయును. నీటిపై తేలు గుర్రపుడెక్క జోలికి అది అంతగా పోదు. శత్రువును పేరుపెట్టి పిలువలేనివాడు ఏ ఆయుధమును ఎత్తవలయునో ఎట్లు నిశ్చయింపగలడు?

గుర్రపుడెక్కయని చెప్పితిని గనుక దాని కథయు ఇచ్చటనే ముగింతును. అది శైవలము కాదు, పూలమొక్క. అయినను కోనసీమ కాలువల చరిత్రలో దానిని విడిచి నాచును గూర్చి మాట్లాడుట సాధ్యము కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమున పుట్టిన ఈ మొక్కను దాని ఊదారంగు పూలగుత్తి అందమునకు మురిసి ప్రపంచమంతట తోటలలోని కొలనులకు కొనిపోయిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమున అది వంగదేశమున ప్రవేశించినది. అచ్చటి పడవల రాకపోకలను, వరిపొలములను అది ఎంతగా బాధించెననగా 1936లో దానిని నిర్మూలించుటకై ప్రత్యేకముగా ఒక చట్టమునే చేయవలసివచ్చెను. చట్టమునకు మొక్క భయపడలేదు. పిలకనుండి పిలక పుట్టుచు, పదిదినములలోనో పదునైదు దినములలోనో తన సంఖ్యను రెట్టింపు చేసికొనగల దీని బీజములు బురదలో ఏండ్లతరబడి చావక నిలుచును. కోనసీమలో పడవల ప్రయాణములు తగ్గి, రోడ్లు లారీలు పెరిగిన కొలదియు, కాలువపై నిత్యమును జరుగు అలజడి శమించి గుర్రపుడెక్కకు మంచి పాన్పు దొరకెను. పంటకాలువలకంటె మురుగుకాలువలలో దీని బాధ మెండు; తుపాను వర్షము కురిసిన రాత్రి పొలములోని నీరు పోవలసిన మురుగుకాలువ గుర్రపుడెక్కతో బిగిసియున్నచో వరి నిలువునా మునుగును. 2011 ఖరీఫునందు కోనసీమ రైతులు సాగు మానుకొని పంటవిరామము ప్రకటించినప్పుడు ధర, కూలి, పెట్టుబడులను గూర్చిన బాధలు ముందు నిలిచినను, మురుగు పోకుండుటయను పాతబాధయు వాటి వెనుకనే యుండెను. 1980 దశకారంభమున బెంగుళూరునందు విదేశమునుండి తెచ్చి విడిచిన నియోకెటినా అను ముక్కుపురుగులు కొన్ని చెరువులలో దీనిని చక్కగా అణచినవి. పారు కాలువలో, ఏటేట ఎండగట్టి శుభ్రముచేయు చోట, ఆ పురుగులకు స్థిరనివాసము కుదురుట కష్టము. కావున నేటికిని యంత్రపు తొట్టియు, మనుష్యుని భుజమునే దిక్కు.

ఇంతవరకును మంచినీటి సంగతి. ఉప్పునీరు కోనసీమలో చిరకాలము శత్రువుగానే యెంచబడెను. సముద్రపు పోటు కాలువలగుండ లోనికెక్కి కొబ్బరితోటలను చంపుట నేటికిని శంకరగుప్తము డ్రెయిను పరిసరములవారికి అనుభవమే. అటువంటి ఉప్పునీటిని కోరి తెచ్చి చెరువులలో కట్టుట 1980 దశకాంతమున టైగరు రొయ్యతో మొదలయ్యెను. వరిపొలము రొయ్యలచెరువై, ధనము వరదవలె వచ్చి, 1994–95లో తెల్లమచ్చ తెగులుతో వరదవలెనే పోయెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగుమీద కఠినమైన తీర్పు నిచ్చుటయు, 2005లో తీరప్రాంత జలసేద్య ప్రాధికారసంస్థ చట్టము వచ్చుటయు, 2009లో వెన్నామి రొయ్యకు అనుమతి లభించుటయు చాలమందికి తెలిసిన చరిత్రయే. తెలియనిది, రైతు అను నతడు ఈ కాలమంతటను రొయ్యతో పాటు నాచును కూడ సాగుచేయుచుండెననుట.

రొయ్యలరైతు ఉదయముననే గట్టుమీద నిలిచి మొట్టమొదట చూచునది రొయ్యను కాదు, నీటి రంగును. నీరు లేతాకుపచ్చగానో గోధుమవన్నెగానో ఉన్నచో కంటికి కనబడని సూక్ష్మశైవలములు చక్కగా పెరిగినవని అర్థము. అవి సూర్యరశ్మిని పైననే పట్టివేసి చెరువు అడుగును చీకటిలో నుంచును. రంగు నిలువక నీరు తేటబడిన చెరువులో రశ్మి అడుగును తాకి, పోగులపోగులుగా నాచు లేచును. అది వలకు చుట్టుకొనును, రొయ్యను చిక్కులబెట్టును, కుళ్లి అడుగును నల్లబరచును. దీనికి రైతు చేయు చికిత్స వింతయైనది: నాచును చంపుట కాదు, నీటిలోతును పెంచి, సున్నమో డోలమైటో చల్లి, ఎరువువేసి, కంటికి కనబడని నాచును పెంచి దాని నీడతో కనబడు నాచును అణచుట. పగలు ప్రాణవాయువు నిచ్చు ఆ సూక్ష్మశైవలమే రాత్రి దానిని తానే పీల్చివేయును గనుక, రంగు చిక్కబడిన చెరువులో తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి తేలును. ఏరేటర్ల చప్పుడు కోనసీమ రాత్రులలో వినబడుచుండుటకు ఇదియే కారణము. థిన్నె ఇంటి పరిచారిక పాత్రలతో చేసిన పనినే ఈ యంత్రములు చేయుచున్నవి.

సముద్రపు నాచులలో కంటికింపైన పెద్దజాతులు కోనసీమ తీరమున పెరుగవు. వాటికి పట్టుకొనుటకు రాయి కావలెను, ఇచ్చటనో అంతయు ఇసుకయు ఒండ్రును. మడచెట్ల శ్వాసవేళ్లమీద అంటుకొని బ్రదుకు ఎఱ్ఱనాచులు కొన్ని, ఉప్పుటేరులలో గొట్టమువంటి పచ్చనాచు కొంత, ఇంతియే మనకు దక్కినది. రాతితీరమును చూడవలెనన్న విశాఖపట్టణము పోవలెను. అచ్చట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఎం. ఉమామహేశ్వరరావుగారును టి. శ్రీరాములుగారును అలల రాళ్లమీద ఏ మట్టమున ఏ నాచు, ఏ ఋతువున ఏది యని శ్రమించి పరిశీలించి 1964లోను 1970లోను ప్రకటించిన వ్యాసములు తెలుగుతీరపు నాచులకు నేటికిని ఆధారములు. ఎండకును అలకును ఓర్చి పైమట్టమున నిలుచు పచ్చని ఉల్వా, ముతకజుట్టువంటి కీటోమార్ఫా, విసనకర్రవంటి పాదినా, గాలితిత్తులుగల సర్గాసము, ఎఱ్ఱని గ్రాసిలేరియా, పాకుడుతీగతో రాతినంటి పెరుగు కాలెర్పా: గృహములలో ఉప్పునీటి తొట్టె పెట్టుకొనువారు నేడు ధనమిచ్చి కొనునవియు, పెరిగిన పిమ్మట తిట్టుకొనునవియు చాలవరకు ఈ వంశములవే.

మన ప్రాంతపువారు ఉప్పునీటి తొట్టెను మొదట చూచినది మదరాసులోనై యుండును. మెరీనా తీరమున 1909లో తెరచిన ఆ జలచరశాల, తెలుగు జిల్లాలు మదరాసు రాజధానిలో నున్న కాలమున కోర్టుపనులకును చదువులకును పోయిన మనవారికి వినోదస్థానమై, యుద్ధభయముచే 1942లో మూతబడెను. అటుపిమ్మట ఎన్నో దశాబ్దములకు గాని, బజారులో దొరకు సముద్రలవణపు పొడియు, తగిన దీపములును వచ్చి, హైదరాబాదు విశాఖపట్టణములలోని గృహస్థులు సముద్రమునకు దూరముగా కూర్చుండియు సముద్రమును పెంచు స్థితి కలుగలేదు. లీటరు నీటికి ముప్పదియైదు గ్రాముల లవణము కలిపినంతమాత్రమున అది సముద్రము కాదనియు, చేపకు వేసిన ప్రతి మెతుకును నత్రితముగాను భాస్వితముగాను మారి ఎక్కడికో ఒకచోటికి పోవలసినదేయనియు, పోవు చోటు చూపనిచో అది నాచుగా గోడకెక్కుననియు వారు త్వరలోనే నేర్చుకొందురు.

నేర్చుకొనవలసిన రెండవ విషయము గుర్తింపు. కారా హైడ్రిల్లాల భేదము కాలువకు ఎంత ముఖ్యమో, ఇచ్చట కీటోమార్ఫా కాలెర్పాల భేదము అంత ముఖ్యము. కీటోమార్ఫా చిక్కుపడిన గాలపుతాడు వలె ఉండలుగా, దేనికిని అంటుకొనక, కొమ్మలు లేని పోగులతో పెరుగును. పోగులోని ఒక్కొక్క కణమును కంటితోనే చూడవచ్చును. నీటిలోని మిగులు పోషకములను గ్రహించి పెరుగుచుండ, వారమునకో పక్షమునకో సగము తీసి పారవేసినచో ఆ పోషకములును దానితో వెడలిపోవును. ప్రధానపు తొట్టెకు అనుబంధముగా మరియొక చిన్న తొట్టెలో దీనిని పెంచి, పగలు ప్రధానపు తొట్టెలో దీపము వెలుగునప్పుడు దీనిని చీకటిలోను, రాత్రి దీనికి మాత్రమే వెలుగులోను ఉంచు పద్ధతి కలదు. అందువలన రాత్రివేళ ప్రాణవాయువు తగ్గకయు, నీటి ఆమ్లత పెరుగకయు నుండును. రొయ్యలచెరువు తెల్లవారుజామున పడు బాధకు ఇది సూక్ష్మమైన పరిష్కారము. అమెరికాలో స్మిత్సోనియను సంస్థకు చెందిన వాల్టరు ఆడీ 1980 దశకమున తెరమీద పలుచగా నీటిని పారించి అందు నాచును పెంచి గీకివేయు యంత్రమును ప్రచారమునకు తెచ్చినదియు ఈ సూత్రముమీదనే.

కాలెర్పా మాట వేరు. ద్రాక్షగుత్తివలెనో ఈకవలెనో ఫెర్నాకువలెనో అందముగా నిలుచు ఆ నాచంతయు, తీగ ఎంత పొడవైనను, అడ్డుగోడలు లేని ఒకే కణము. దానిలో కేంద్రకములు అసంఖ్యాకములు. తుంచిన తునుక గాయము మాన్చుకొని క్రొత్త నాచగును. అంతియేగాక ఒక్కొక్కప్పుడు తన జీవద్రవమునంతయు బీజకణములుగా మార్చి తెల్లవారకమునుపే నీటిలో విడిచి, తాను తెల్లని పొరయై మిగులును. తొట్టెనీరు పాలవలె మారును. వారములుగా అది గ్రహించిన పోషకములన్నియు ఒక్క పూటలో నీటిపాలగును, చేపలు ఊపిరికై పైకి వచ్చును. సున్నపుబిళ్లలను దారమున గ్రుచ్చినట్లుండు హలిమెడాయు ఇట్లే ఒక రాత్రిలో పాలిపోవును. కావున వీటిని పెంచువారు తరచుగా, కొలదికొలదిగా, తీగను తెంపక మొదటితో విడదీసి తీయుదురు. గాజుబుడగవలె పచ్చగా మెరయు వలోనియా సయితము ఏకకణమే; దానిని తొట్టెలోనే చితుకగొట్టుట తగదు, రాతితో పైకితీసి ఊడబెరుకుట మేలు; ఒక జాతి పచ్చ ఎండ్రికాయ దానిని తినును గాని ఆకలిని బట్టియే. ఈకకుచ్చువంటి బ్రయోప్సిసును చాల చేపలు ముట్టవు. పొడవాటి పచ్చనాచులను సిగానసు జాతి చేపయు, టాంగు జాతులును మేయును; గాజుమీది పలుచని పాచికి టర్బోనత్త చాలును. వారింగ్టను నత్త ఈ నత్తకు పూర్వీకురాలని చెప్పవచ్చును, వంశముచే గాకున్నను వృత్తిచే. ఎవరిని తెచ్చినను, క్రొత్తరాతిని, క్రొత్తపగడమును వేరుగా నొక పాత్రలో కొన్ని వారములు ఉంచి చూచి గాని తొట్టెలో వేయకుండుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము.

తొట్టెలోని నాచు తొట్టెలోనే యుండునని నమ్మినవారికి 1984 ఒక పాఠము. మొనాకో నగరమున సముద్రశాస్త్ర ప్రదర్శనశాల గోడలక్రింద, సముద్రగర్భమున, చదరపుగజము మాత్రముండిన ఒక కాలెర్పా మడి కనబడెను. అది తొట్టెలకై పెంచబడిన, చలికి ఓర్చు కాలెర్పా టాక్సిఫోలియా. దానిని అప్పుడు ఒక మనిషి ఒక పూటలో పెరికివేయగలడు; ఎవరు పెరుకవలయునను చర్చలో ఏండ్లు గడచినవి; మధ్యధరా సముద్రమున వేలకొలది హెక్టార్లలో అది పరచుకొనెను. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని రెండు ఉప్పుకయ్యలలో కనబడినప్పుడు అచ్చటివారు చర్చింపలేదు. మడులను టార్పాలినులతో కప్పి క్లోరిను లోనికి విడిచి, ఆరేండ్లు కాపుకాచి, 2006లో నిర్మూలించితిమని ప్రకటించిరి. దానికైన వ్యయము డెబ్బది లక్షల డాలర్లపై మాటయట. గుర్రపుడెక్క పూవు ఊదారంగునకు మురిసినవారును, ఈ ఈకనాచు పచ్చదనమునకు మురిసినవారును ఒక్కటే కోవవారు. కాలెర్పా జాతులు మన విశాఖ రాళ్లమీద స్వతస్సిద్ధముగనే యున్నవి, అచ్చట వాటిని మేయువారును కలరు. ఎక్కడిదో ఒక దూరపు జాతిని కొనితెచ్చి మన ఉప్పుటేరులలో విడుచుట మాత్రము వేరు సంగతి.

పి.గన్నవరమున ఇంటిమురుగు బోదెకు, బోదె డ్రెయినునకు, డ్రెయిను నదికి, నది కొన్ని మైళ్లలో సముద్రమునకు చేరును. ఇట్టి ప్రదేశమున తొట్టెనుండి తీసిన నాచును కడుగుడు నీటితో దొడ్డిలోనికి పారబోయుటకంటె నిర్లక్ష్యమైన పని మరియొకటి లేదు. తీసిన నాచును బట్టలో పిండి, చక్కగా ఎండలో, చేత నలిపిన పొడియగువరకును ఎండబెట్టవలెను. అట్లెండిన కాలెర్పా తునుకకు మరల ప్రాణము రాదు. తొట్టెనుండి తీసిన నీటిని, అందులో కంటికి కనబడని తునుకలుండును గనుక, బోదెలో గాక మెరకనేలమీద పోయవలెను. ఎండిన నాచును కొబ్బరిచెట్టు మొదట పాదుచేసి వేయవచ్చును. కొబ్బరికి ఉప్పువేయుట కోనసీమ తోటలలో పాత అలవాటే. దక్షిణతీరమున కొబ్బరితోటలకు సముద్రపు నాచును ఎరువుగా వేయుటయు చిరకాలముగా నున్నదే. పక్షమునకొక దోసెడు నాచులో నున్న ఉప్పు పెరిగిన చెట్టునకు లెక్కలోనిది కాదు. అరటికిని, తమలపాకు తీగకును మాత్రము దానిని దూరముగా నుంచవలెను.